టీ కణానికి ఎంత మందు చాలు?

నోటి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, కరెంటు పెట్టించుకుని, ఏడాది తిరక్కముందే మళ్లీ గడ్డ లేచిందంటే ఒంగోలు, కందుకూరు, కనిగిరి వైపు ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: ఇంకేమన్నా మందు ఉందా? ఉంది. పేరు నివోలుమాబ్. అది క్యాన్సర్ కణాన్ని తానుగా చంపదు, రోగి ఒంట్లో ఉన్న టీ కణాల (జబ్బులతో పోరాడే ఒక రకం తెల్లరక్త కణాల) చేత ఆ పని చేయిస్తుంది. ఆ మందుకు దారి వేసిన జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఇబ్బందల్లా ధరతోనే.

అనుమతి పత్రాల ప్రకారం ఈ మందు మోతాదు రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు, లేదంటే నాలుగు వారాలకోసారి 480. ముంబైలోని టాటా మెమోరియల్ వైద్యులు ఒక అధ్యయనంలో ఇచ్చి చూసింది మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములు. ఆరు వారాలకు లెక్కేస్తే 720 ఎక్కడ, 40 ఎక్కడ! పద్దెనిమిదో వంతు. అయినా పని చేసింది. ఎందుకు పని చేసిందో తెలియాలంటే క్యోటోలో, హోంజో ల్యాబ్‌లోని ఎలుకల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

హోంజో బృందం వెతికింది క్యాన్సర్ మందును కాదు. కణాలు వాటంతటవే చచ్చిపోయేటప్పుడు ఏ జన్యువులు పనిలోకి దిగుతాయో తెలుసుకోవాలన్నది వాళ్ల ప్రశ్న. 1992లో యసుమాస ఇషిదా అనే పరిశోధకుడు అలాంటి ఒక జన్యువును పట్టుకున్నారు. కణం చావుకు సంబంధించినదే అనుకుని దానికి పీడీ-1 అని పేరు పెట్టారు. తర్వాత చూస్తే చావుతో దానికి పెద్దగా సంబంధం లేదు. మరి ఏం చేస్తుంది? కొన్నేళ్లపాటు ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి ఆ జన్యువు లేని ఎలుకలను పుట్టించి, వాటికి వయసు వచ్చేదాకా కనిపెట్టుకుని ఉన్నారు. చిన్నప్పుడు అవి మామూలు ఎలుకల్లాగే ఉన్నాయి. నెలలు గడిచేకొద్దీ కొన్నిటికి కీళ్లు వాచాయి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. లూపస్ అనే జబ్బులో మనుషులకు జరిగేది ఇంచుమించు ఇదే: సొంత రోగనిరోధక కణాలే సొంత ఒంటి మీద పడతాయి. 1999లో ఈ ఫలితం వచ్చింది. ఇంకో జాతి ఎలుకల్లో అదే జన్యువు తీసేస్తే గుండె ఉబ్బి చనిపోయాయని 2001లో తేలింది.

అంటే పీడీ-1 టీ కణానికి బ్రేకు. బ్రేకు లేకపోతే టీ కణం ఆగాల్సిన చోట ఆగదు. హోంజోతో కలిసి నోబెల్ పంచుకున్న అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ అలిసన్ పనిచేసింది సీటీఎల్‌ఏ-4 అనే మరో బ్రేకు మీద. అది లేని ఎలుకలు పుట్టిన మూడు నాలుగు వారాలకే పోతాయి. పీడీ-1 లేనివి నెలల తరబడి బతికాయి. ఈ తేడా చిన్నదిగా కనిపించినా, మందు తయారు చేయదలచినవాళ్లకు చాలా పెద్ద సూచన. పీడీ-1 బ్రేకును అడ్డుకుంటే ప్రమాదం కాస్త తక్కువ, నెమ్మదిగా బయటపడుతుంది. ఎలుకలు అప్పుడే చెప్పిన ఇంకో సంగతి ఉంది: కీలు, మూత్రపిండం, గుండె. ఈ మందు వాడిన మనుషుల్లో ఇరవై ఏళ్ల తర్వాత డాక్టర్లు చూస్తున్న దుష్ఫలితాల జాబితాలో ఇవన్నీ ఉన్నాయి. దాని గురించి తర్వాత.

క్యాన్సర్ గడ్డ ఈ బ్రేకును ఎలా వాడుకుంటుందన్నది ఈ కథలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం. టీ కణం తన ఎదుట ఉన్న కణం ఉపరితలాన్ని తడిమి చూస్తుంది. అక్కడ తేడాగా ఉన్న ప్రోటీన్ ముక్క కనిపిస్తే ఉత్తేజితమై దాడికి దిగుతుంది. అలా ఉత్తేజితమయ్యాకే దాని మీద పీడీ-1 పెద్ద సంఖ్యలో పైకి వస్తుంది, దాడి మితిమీరకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు అది. దాడిలో భాగంగా టీ కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. ఆ రసాయనం తగలగానే చాలా రకాల గడ్డలు తమ ఒంటి మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌ను పెంచుకుంటాయి. అది వెళ్లి పీడీ-1కు అతుక్కుంటుంది. అతుక్కోగానే టీ కణం లోపల ఒక ఎంజైమ్ పనిలోకి దిగి, 'కొట్టు' అన్న సంకేతాన్ని చెరిపేస్తుంది. కొట్టడానికి వచ్చిన కణం విదిల్చిన రసాయనమే గడ్డకు రక్షణ అయిందన్నమాట. టీ కణాలు గడ్డలోకి చేరి కూడా ఊరికే పడి ఉండటానికి ఒక ముఖ్య కారణం ఇదే.

నివోలుమాబ్ ఒక యాంటీబాడీ. అది ముందే వెళ్లి పీడీ-1 మీద కూర్చుంటుంది, గడ్డ తాలూకు పీడీ-ఎల్1కు చోటు ఉండదు. 2014లో మొదట జపాన్‌లో, అదే ఏడాది అమెరికాలో చర్మపు మెలనోమా క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. తల, మెడ భాగాల క్యాన్సర్ తిరగబెట్టినవాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనం 2016లో అచ్చయింది. 361 మంది రోగులు. ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు నివోలుమాబ్ వైపు 36 శాతం, మామూలు మందుల వైపు 16.6 శాతం. గడ్డ గణనీయంగా తగ్గింది మాత్రం నివోలుమాబ్ తీసుకున్నవాళ్లలో 13.3 శాతం మందికే. వాట్సాప్‌లో తిరిగే 'క్యాన్సర్‌కు మందు కనిపెట్టేశారు' వీడియోల్లో ఈ చివరి అంకె ఎప్పుడూ ఉండదు.

ఇప్పుడు మోతాదు సంగతి. కీమో మందు విషం లాంటిది, కణాన్ని నేరుగా చంపుతుంది. అందుకే మనిషి ఎంత తట్టుకోగలడో అంతవరకు మోతాదు పెంచుకుంటూ పోవడం కీమోలో పాత పద్ధతి. యాంటీబాడీ విషయంలో ఆ లెక్క కుదరదు. టీ కణాల మీద పీడీ-1లు లెక్కకు లోబడే ఉంటాయి. చాలావాటికి మందు అంటుకున్నాక పైన ఇంకా ఎంత పోసినా రక్తంలో తిరగడమే తప్ప కొత్తగా చేసే పని తక్కువ. ఇది ఊహ కాదు. 2010లో అచ్చయిన తొలిదశ అధ్యయనంలో 39 మంది రోగులకు కిలో బరువుకు 0.3 మిల్లీగ్రాముల నుంచి 10 మిల్లీగ్రాముల వరకు నాలుగు రకాల మోతాదులు ఇచ్చి, రక్తంలోని టీ కణాలను పరీక్షించారు. మోతాదు ఏదైనా సరే, 70 శాతానికి పైగా పీడీ-1లకు మందు అంటుకునే ఉంది. అదీ రెండు నెలలు, ఆపైన కూడా. 60 కిలోల మనిషికి 0.3 చొప్పున లెక్కేయండి: 18 మిల్లీగ్రాములు. టాటా వైద్యులు ఎంచుకున్న 20 గాల్లోంచి రాలేదని తెలుస్తుంది.

ఒక మెలిక ఉంది. రక్తంలో తిరిగే టీ కణాలకు మందు అంటుకోవడం వేరు, గడ్డ లోపల ఇరుక్కున్నవాటికి అందడం వేరు. కాబట్టి 2010 నాటి లెక్క ఒక్కటే సాక్ష్యంగా చాలదు, రోగుల మీద పరీక్షించి చూడాల్సిందే. కానీ తక్కువ మోతాదుతో సరిపోతుందేమో చూడండని కంపెనీలను ఎవరూ బలవంతపెట్టలేదు. ఎక్కువ ఇచ్చినా పెద్దగా విషమించని మందును తక్కువ అమ్మాలని ఏ కంపెనీ అయినా ఎందుకు కోరుకుంటుంది? ఆ పని ఎవరి రోగులు కొనలేకపోతున్నారో వాళ్ల వైద్యులే చేయాల్సి వచ్చింది. పేద, మధ్యాదాయ దేశాల్లో తల, మెడ క్యాన్సర్‌కు అనుమతి పొందిన కొత్త మందులు అందుతున్నది 1 నుంచి 3 శాతం మందికేనని టాటా వైద్యులు తమ పత్రం మొదట్లోనే రాశారు.

విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ తదితరుల ఆ అధ్యయనం 2023లో ప్రముఖ క్యాన్సర్ పత్రికలో వచ్చింది. నయమయ్యే దశ దాటిన 151 మంది రోగులను రెండు గుంపులు చేశారు. రెండు గుంపులకూ నోటి ద్వారా వేసుకునే మూడు మాత్రలు ఇచ్చారు: వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజూ సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్. ఇంటి దగ్గరే వేసుకునే చవకైన చికిత్స ఇది. మెథోట్రెక్సేట్ పుట్టింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ ల్యాబ్‌లో అన్న సంగతి ఈ సందర్భంలో గుర్తు చేసుకోవచ్చు. డెబ్భై ఏళ్లు దాటిన మందు ఇంకా పనిలోనే ఉంది. రెండో గుంపుకు వీటితోపాటు 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ కలిపారు. ఏడాది తర్వాత మాత్రలు మాత్రమే వాడినవాళ్లలో 16.3 శాతం, నివోలుమాబ్ కూడా తీసుకున్నవాళ్లలో 43.4 శాతం బతికి ఉన్నారు. తీవ్రమైన దుష్ఫలితాలు రెండో గుంపులో ఎక్కువేమీ కాలేదు.

ఈ అంకెలు చూసి పొంగిపోనక్కర్లేదు. సగం మంది రోగులు బతికిన కాలం 6.7 నెలల నుంచి 10.1 నెలలకు పెరిగింది, అంతే. జబ్బు నయం కావడం లేదు. పైగా ఈ అధ్యయనం తక్కువ మోతాదును పూర్తి మోతాదుతో పోల్చలేదు, అసలు నివోలుమాబ్ లేకపోవడంతో పోల్చింది. 2016 అధ్యయనంలో 36 శాతం, ఇక్కడ 43 శాతం కాబట్టి తక్కువే మేలని ఎవరైనా అంటే అది తప్పు లెక్క. రోగులు వేరు, పక్కన ఇచ్చిన మందులు వేరు. చెప్పగలిగింది ఒకటే: కొనే స్తోమత లేనివాడికి ఇప్పటిదాకా ఉన్న దారి సున్నా మిల్లీగ్రాములు. 20 ఆ సున్నా కంటే స్పష్టంగా మెరుగు.

ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు ఈ చర్చ ఎందుకు ముఖ్యమని అడిగితే, చాలామంది వెంటనే పొగాకు వైపు వేలు చూపిస్తారు. పొదిలి, కొండపి, టంగుటూరు, కందుకూరు, కలిగిరి వేలం కేంద్రాల పేర్లు రాష్ట్రమంతా తెలుసు. నిజానికి ఆ లింకు అంత సూటిగా లేదు. ఇక్కడ బ్యారన్లలో, అంటే వేడితో ఆకు ఆరబెట్టే గదుల్లో, కాల్చే వర్జీనియా ఆకు సిగరెట్ కంపెనీలకు, ఎగుమతులకు పోతుంది. బడ్డీ కొట్టులో వేలాడే ఖైనీ, పేరుకు నిషేధం ఉన్న గుట్కా వేరే చోట్ల నుంచి వచ్చేవే. రైతు పండించే ఆకు రైతు నోట్లోకి రావడం లేదు, కానీ ఖైనీ పొట్లం కూలి జేబులోనూ ఉంది, లారీ డ్రైవర్ సీటు పక్కనా ఉంది. భారతదేశం మొత్తం మీద మగవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో నోటి క్యాన్సర్ ముందు వరుసలో ఉండటానికి ఒక ముఖ్య కారణం అది.

చికిత్స దారి కూడా తెలిసిందే. నోట్లో పుండు మానలేదని ఒంగోలు రిమ్స్‌కో, నెల్లూరులో రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రికో వెళతారు. ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అక్కడి నుంచి గుంటూరు, తిరుపతి, చెన్నై అడయార్. నెల్లూరు నుంచి చెన్నైకి రైల్లో మూడు గంటలు చాలు. అదే పామూరు వాళ్లయితే ముందు బస్సెక్కి నెల్లూరో ఒంగోలో చేరాలి. మిట్టమధ్యాహ్నం ఎండలో, గొంతు మింగుడు పడని మనిషితో. బ్యారన్ మంట పెట్టిన రోజుల్లో అయితే రాత్రింబవళ్లు కాపలా ఉండాల్సిన ఇంటి మనిషి తోడు కూడా రాలేడు. మూడు వారాలకోసారి ఒక చిన్న సెలైన్ అయితే ఈ తిరుగుడు జిల్లా కేంద్రంలోనే అయిపోవచ్చు. మందు ఎక్కించడానికి పట్టేది అరగంట.

చిక్కు వచ్చేది వయల్ దగ్గర. నివోలుమాబ్ 40 మిల్లీగ్రాముల చిన్న వయల్‌లో 4 మిల్లీలీటర్లు ఉంటుంది. 20 మిల్లీగ్రాములంటే అందులో 2 మిల్లీలీటర్లు. మిగిలిన సగాన్ని మూడు వారాలు దాచడానికి లేదు, మూత గుచ్చాక ఎక్కువ సేపు ఉంచకూడదు. కాబట్టి ఒకే రోజున ఇద్దరు రోగులను పిలిస్తేనే చవక చవకగా మిగులుతుంది. టాటా మెమోరియల్‌లో రోజూ పదుల మంది వస్తారు కనుక అక్కడ ఇది సమస్యే కాదు. జిల్లా ఆసుపత్రిలో ఒక రోగి వచ్చి, రెండోవాడు బస్సు దొరక్క రాకపోతే సగం మందు పారబోయాలి, లేదా ఒకరే మొత్తం ఖర్చు భరించాలి. దీనికి పెద్ద సైన్సు అక్కర్లేదు. 'మంగళవారం ఇమ్యునో రోజు' అని పెట్టి, ఫోన్ చేసి రోగులను జతపరిచే మనిషి ఒకరు ఉంటే చాలు. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. మే నెల నెల్లూరు ఎండలో మెడికల్ షాపు నుంచి వార్డు దాకా ఐస్ బాక్సులో తెచ్చే క్రమశిక్షణ, కరెంటు పోయినా పనిచేసే ఫ్రిజ్ కావాలి.

ఇక ఎలుకలు ముందే చెప్పిన సంగతి. బ్రేకు తీసిన టీ కణాలు ఒక్కోసారి థైరాయిడ్ మీద, పేగు మీద, ఊపిరితిత్తి మీద, కాలేయం మీద పడతాయి. అరుదుగా గుండె మీద కూడా, అదే అన్నిటికన్నా ప్రమాదం. మొదటి డోసు తర్వాత వారాలకు రావచ్చు, నెలలకు రావచ్చు, మందు ఆపేశాక కూడా రావచ్చు. అది వచ్చేసరికి రోగి ఆసుపత్రిలో ఉండడు, ఊళ్లో ఉంటాడు. నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఊరి ఆర్‌ఎంపీ డాక్టర్ మామూలు మాత్ర, ఓఆర్‌ఎస్ ఇచ్చి పంపిస్తాడు. అతని తప్పేమీ లేదు, మామూలు విరేచనాలకు చేయాల్సింది అదే. ఇక్కడ మాత్రం వెంటనే స్టెరాయిడ్ అవసరం కావచ్చు. కొత్తగా ఆయాసం వస్తే దమ్ము అనుకోవడం, నీరసం, ఒళ్లు బరువెక్కడం కనిపిస్తే క్యాన్సర్ కదా అని వదిలేయడం కూడా ఇలాంటివే. రెండోది థైరాయిడ్ దెబ్బతినడం వల్లే అయితే ఏ చిన్న ల్యాబ్‌లోనైనా చేసే టీఎస్‌హెచ్ పరీక్షలో తేలుతుంది, రోజుకో థైరాయిడ్ మాత్రతో సర్దుకుంటుంది. కీమో కాదు ఇమ్యునోథెరపీ తీసుకున్నాడని, ఏ లక్షణాలకు ఎవరికి ఫోన్ చేయాలో రాసిన కార్డు తెలుగులో రోగి చేతికి ఇవ్వడం మందు ఇవ్వడంతో సమానమైన పని. ఇది చేయలేని చోట ఈ మందు మొదలుపెట్టకపోవడమే మంచిది.

టీ కణాల చికిత్స అనగానే చాలామందికి వార్తల్లో వచ్చిన కార్-టీ గుర్తొస్తుంది. అది దారి వేరు: రోగి రక్తం నుంచి టీ కణాలు తీసి, జన్యువు మార్చి, పెంచి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. ఐఐటీ బాంబేలో రాహుల్ పుర్వార్ బృందం, టాటా మెమోరియల్ కలిసి తయారు చేసిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో దేశంలో అనుమతి వచ్చింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము దాన్ని ప్రారంభించారు. విదేశాల్లో మూడు నాలుగు కోట్లయ్యే చికిత్స ఇక్కడ 40 లక్షల ప్రాంతంలోకి దిగడం సామాన్యమైన విషయం కాదు. కానీ అది గురి పెట్టేది సీడీ19 అనే గుర్తు ఉన్న బీ కణాల మీద, అంటే కొన్ని రకాల రక్త క్యాన్సర్లు, లింఫోమాల మీద. నోటి గడ్డ మీద ఆ గుర్తు ఉండదు. ఉన్న గుర్తులేమో ఆరోగ్యంగా ఉన్న నోటి పొరలోనూ ఉంటాయి, వాటి మీద గురి పెడితే మంచి కణాలూ పోతాయి. నోటి క్యాన్సర్ రోగి కోసం పొలం అమ్మి కార్-టీకి వెళదామనుకునే కుటుంబానికి ఈ ఒక్క ముక్క ముందే చెప్పాలి.

బ్రేకు తీసే మందులు మాత్రం నోటి క్యాన్సర్‌లో ఇంకా ముందు దశకు జరుగుతున్నాయి. ఆపరేషన్‌కు ముందు రెండు డోసులు, తర్వాత మరికొన్ని డోసులు ఇచ్చే పద్ధతికి 2025 జూన్‌లో అమెరికా అనుమతించింది. అక్కడ వాడింది పెంబ్రోలిజుమాబ్, ఇది కూడా పీడీ-1 మీద కూర్చునేదే. గడ్డను కోసి తీసేయకముందే ఇవ్వడంలో అర్థం ఉంది: గడ్డ ఒంట్లో ఉండగానే టీ కణాలు దాన్ని బాగా గుర్తుపట్టి, ఆ జ్ఞాపకంతో మిగులుతాయి. ఆ అనుమతి గడ్డలో పీడీ-ఎల్1 ఉన్నట్టు తేలినవాళ్లకే. ఆ పరీక్షను ముందు తీసిన ముక్కను దాచిన మైనపు దిమ్మ (బ్లాకు) మీదే చేస్తారు, కాబట్టి ఆసుపత్రి మారేటప్పుడు రిపోర్టు కాగితంతోపాటు ఆ బ్లాకును కూడా అడిగి తీసుకెళ్లాలి. చాలా కుటుంబాలు కాగితం మాత్రమే తీసుకెళ్లి, చెన్నైలో మళ్లీ ముక్క తీయించుకుంటున్నాయి.

నివోలుమాబ్‌కు ఆధారమైన పేటెంటు దరఖాస్తు 2006 మే నాటిది. ఇరవై ఏళ్ల గడువు లెక్కన అది 2026 మే వరకే. ఆ గడువు దాటాక దేశీయ కంపెనీల బయోసిమిలర్లకు (అదే మందును పోలిన మందులకు) ఆ పేటెంటు అడ్డు ఉండదు. ధర ఎంత దిగినా, పూర్తి మోతాదుకూ తక్కువ మోతాదుకూ మధ్య పద్దెనిమిది రెట్ల తేడా అలాగే ఉంటుంది. వైద్య సేవ పథకం ఒకే రోగికి పూర్తి మోతాదు కట్టాలా, అదే మందుతో పద్దెనిమిది మందికి 20 మిల్లీగ్రాముల చొప్పున కట్టాలా అన్నది అమరావతిలో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. రెండు మోతాదులను నేరుగా పోల్చే పెద్ద అధ్యయనం జరిగితే ఆ నిర్ణయం తేలికవుతుంది. దానికి డబ్బు పెట్టాల్సింది ప్రభుత్వాలే. మందు అమ్మేవాళ్లు పెట్టరు.